చప్పుడు చెప్పే కబుర్లు

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా సుమారు 120 కిలోమీటర్ల దారి. గ్రానైటు, బొగ్గు, అడవి, ఏరు, గోదావరి... కళ్లకు ఇన్ని చూపించే ఆ దారి చెవులకు అంతకన్నా ఎక్కువే చెబుతుంది. అక్కడ చప్పుడంటే ఒట్టి చప్పుడు కాదు, కబురు. కొన్నిచోట్ల ప్రాణం నిలిపే కబురు!

భద్రాచలం వెళ్లొచ్చినవాళ్లని ఏం చూశారని అడిగితే గుక్కతిప్పుకోకుండా చెబుతారు. రాములవారి గుడి, పర్ణశాల, కిన్నెరసాని జింకలు, పాపికొండల పడవ ప్రయాణం... మరి ఏం విన్నారని అడిగితే? చాలామంది తెల్లమొహం వేస్తారు. చూడ్డానికి వెళ్తాంగానీ వినడానికి ఎవరు వెళ్తారు!

కానీ ఈ సరిహద్దు సీమలో పుట్టి పెరిగినవాళ్లకు చెవులే సగం బతుకు. రాయి మంచిదో కాదో, గని పైకప్పు గట్టిదో కాదో, పొదలో ఉన్నది ఎలుగో పందో, ఏరు దాటొచ్చో దాటకూడదో... ఇవన్నీ వాళ్లకు ముందు చెవులే చెబుతాయి. ఆ కబుర్ల వెనకున్న భౌతికశాస్త్రం పెద్ద కష్టమైనదేమీ కాదు. ఏదైనా వస్తువు కంపిస్తే దాని పక్కనున్న గాలి కంపిస్తుంది. ఆ కంపనం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో, అంటే కిలోమీటరుకు 3 సెకన్ల చొప్పున, మన చెవిని చేరుతుంది. సెకనుకు ఎక్కువసార్లు కంపిస్తే కీచుగొంతు, తక్కువసార్లు కంపిస్తే బొంగురుగొంతు. ఈపాటి తెలిస్తే చాలు, ప్రయాణం మొదలుపెట్టొచ్చు.

రాయి పలకాలి

ఖమ్మం అంటే గ్రానైటు. ఊరి పేరుకు మూలమని చెప్పే స్తంభాద్రి కూడా రాతిగుట్టే. దానిమీదే కోట, నరసింహస్వామి గుడి. ఊరి చుట్టుపక్కల ఉన్న కోత, పాలిషింగ్ యూనిట్లలో రంపాల రొద పగలంతా వినిపిస్తూనే ఉంటుంది. ఆ రొద మధ్యన కూడా చెవితో జరిగే పని ఒకటుంది. చేయి తిరిగిన పనివాడు రాతిమీద సుత్తితో ఓ దెబ్బ వేసి వింటాడు. ఖంగుమంటే రాయి మంచిది. డబ్బుమని మూగగా పలికితే లోపల ఎక్కడో పగులున్నట్టే.

ఇందులో మాయేమీ లేదు. మన అమ్మలు సంతలో కుండ కొనేటప్పుడు వేలిముడితో తట్టి చూసేదీ ఇందుకే. పుచ్చకాయనీ కొబ్బరికాయనీ తట్టి చూసినా అంతే. రాయి ఏకఖండమైతే సుత్తి పుట్టించిన కంపనం ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డులేకుండా తిరుగుతుంది. గ్రానైటులో దాని వేగం గాలిలోకన్నా పది రెట్లకు పైనే. అలా చాలాసార్లు అటూ ఇటూ తిరిగి, కాసేపు నిలిచి మోగుతుంది. మధ్యలో సన్నని పగులున్నా చాలు, కంపనం అక్కడ చెదిరిపోతుంది. రాపిడికి దాని బలం చచ్చిపోతుంది. కంటికి కనపడని పగులు చెవికి దొరికేది ఇలాగే. ఈ దెబ్బ సంగతి గుర్తుపెట్టుకోండి. బొగ్గు గనిలో మళ్లీ దీంతో పనుంది.

‘రి’ నుంచి ‘స’కు

ఖమ్మం దాటితే డోర్నకల్ జంక్షన్. అక్కడినుంచి కారేపల్లి మీదుగా కొత్తగూడెం వెళ్లే రైలుమార్గం చివరి స్టేషన్ పేరు ‘భద్రాచలం రోడ్’. తీరా దిగాక భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్లని తెలిసి నోరెళ్లబెట్టే కొత్తవాళ్లు ఇప్పటికీ ఉంటారు.

ఈ మార్గంలో ఏ గేటు దగ్గరైనా నిలబడి రైలు కూత వినండి. దగ్గరికొస్తున్నంతసేపూ హెచ్చు స్థాయిలో వినిపించిన కూత, ఇంజను మనల్ని దాటగానే ఒక్కసారిగా కిందికి జారుతుంది. డ్రైవరు కూత మార్చలేదు. రైలు మనవైపు వస్తుంటే అలలు ఒకదానిమీద ఒకటి ఒత్తుకుంటాయి, వెళ్లిపోతుంటే సాగుతాయి. ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో ఈ సూత్రం చెప్పాడు. మూడేళ్ల తర్వాత నెదర్లాండ్స్‌లో బాయిస్ బాలట్ అనే శాస్త్రవేత్త బాకాలు ఊదేవాళ్లను రైలెక్కించి, స్వరజ్ఞానం ఉన్నవాళ్లను పట్టాల పక్కన నిలబెట్టి మరీ పరీక్షించాడు. నిజమేనని తేలింది.

లెక్క వేస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్తుంటే, వచ్చేటప్పటి కూతకూ పోయేటప్పటి కూతకూ నిష్పత్తి 360:320. అంటే 9:8. సంగీతం తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. చతుశ్రుతి రిషభానికీ షడ్జమానికీ ఉన్న తేడా అదే! రైలు మనల్ని దాటుతూ ‘రి’ నుంచి ‘స’కు దిగిందన్నమాట. పట్టాల పక్కన పనిచేసే గ్యాంగ్‌మన్‌కు ఈ లెక్క తెలియకపోవచ్చు. వెనక్కి తిరిగి చూడకుండానే బండి వస్తోందో పోతోందో అతని చెవి చెప్పేస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పట్టాలు దాటేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఈ కబురునే.

గని పైకప్పు మాట

ఇల్లెందు ప్రాంతంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు ఆనవాళ్లు కనిపెట్టాడు. కారేపల్లి దగ్గరి సింగరేణి అనే చిన్న పల్లె పేరు అలా దేశానికంతా తెలిసింది. ఇప్పుడు సింగరేణి సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెం ఊరికి చాలాకాలంపాటు గడియారం గని సైరనే. ఏ కూతకు పొయ్యి వెలిగించాలో, ఏ కూతకు క్యారేజీ సర్దాలో ఇల్లాళ్లకు కంఠతా వచ్చేది.

భూగర్భ గనిలో దిగినవాళ్లకు కళ్లు ఉపయోగపడేది టోపీ లైటు పడినంతమేరే. మిగతాదంతా చెవుల పనే. పని మొదలుపెట్టేముందు పైకప్పును కడ్డీతో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టి కప్పు. డొల్లగా పలికితే పొర విడిపోయిందని అర్థం. దాని కింద నిలబడకూడదు. దాన్ని రాల్చేయాలి, లేదా ఆధారం పెట్టాలి. ఖమ్మంలో రాతిని పరీక్షించిన సూత్రమే ఇక్కడ మనిషి ప్రాణం కాపాడుతుంది.

పాతరోజుల్లో పైకప్పుకు కర్రమొద్దులే దన్ను. ఇనుపదాని కన్నా కర్రమొద్దునే ఎక్కువగా నమ్మినవాళ్లున్నారు. ఎందుకంటే మొద్దు చెప్పకుండా విరగదు. బరువు పెరిగేకొద్దీ దాని నారలు ఒక్కొక్కటే తెగుతూ చిటపటమంటాయి. ఆ చిటపటలు విని పరుగెత్తి బయటపడినవాళ్లు గని ఉన్న ప్రతి దేశంలోనూ ఉన్నారు. ఇప్పుడు కప్పును ఉక్కు బోల్టులతో బిగిస్తున్నారు. కడ్డీతో తట్టి వినడం మాత్రం మానలేదు.

అయితే, ఆ చిన్న చప్పుళ్లను వినాలంటే రెండు కావాలి. చుట్టూ కాస్త నిశ్శబ్దం ఉండాలి. వినే చెవి బాగుండాలి. డ్రిల్లింగ్ యంత్రం ఈ రెంటికీ శత్రువే.

వినపడుతుంది, అర్థం కాదు!

శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్కలో ఓ మెలిక ఉంది. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి 10 రెట్లవుతుంది. 20 పెరిగితే 100 రెట్లు. అందుకే 80కీ 100కీ తేడా కొంచెమే అనుకుంటే పొరపాటు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌ను వారానికి 40 గంటలదాకా చెవి తట్టుకుంటుంది. 90 అయితే 4 గంటలు. 100 డెసిబెల్స్‌కు వచ్చేసరికి వారం మొత్తానికి 20 నిమిషాలే. మనదేశ ఫ్యాక్టరీల నిబంధనలు 8 గంటల పనికి 90 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి.

ఎందుకీ జాగ్రత్త? చెవి లోపల నత్తగుల్లలాంటి భాగంలో 15 వేల దాకా సన్నని రోమకణాలుంటాయి. రొద వాటిని వంచేస్తుంది, విరిచేస్తుంది. మనిషికి అవి మళ్లీ మొలవవు. ముందుగా దెబ్బతినేది 4 వేల హెర్ట్‌జ్ దగ్గరి శబ్దాలను పట్టే కణాలు. మాటల్లో స, శ, త, క లాంటి హల్లుల పదును ఉండేది దాదాపు ఆ ఎత్తులోనే. అ, ఆ, ఓ లాంటి అచ్చులు కింది స్థాయిలో ఉంటాయి కాబట్టి అవి వినిపిస్తూనే ఉంటాయి.

గని నుంచో, మిల్లు నుంచో రిటైరైన తాతయ్య ‘వినపడుతోందిరా, అర్థం కావట్లేదు’ అంటే ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. గొంతు పెంచి అరుస్తారు. అరిస్తే పెరిగేది అచ్చులే, హల్లులు కాదు. తాతయ్యకు ఇంకాస్త గోల వినిపిస్తుంది తప్ప మాట తెలియదు. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా నిదానంగా మాట్లాడి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది.

ముందు చూపు, తర్వాత చప్పుడు

ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర చప్పుడు తీరు వేరు. మణుగూరు, సత్తుపల్లిల్లో సైరన్ మోగిందంటే బ్లాస్టింగ్ అని అర్థం. ముందు కాళ్లకింద నేల అదురుతుంది, కిటికీ తలుపులు గడగడమంటాయి, ఆ తర్వాతే ‘ధన్’మని వినిపిస్తుంది. రాతిపొరల్లో కంపనం సెకనుకు వేల మీటర్లు పరుగెడితే, గాలిలో వచ్చే చప్పుడు నింపాదిగా 340 మీటర్ల చొప్పున వస్తుంది మరి. సత్తుపల్లిలో గని ఊరికి ఆనుకునే ఉంది. బ్లాస్టింగులకు ఇళ్ల గోడలు పగుళ్లిస్తున్నాయని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొర పెట్టుకుంటున్నారు. గనుల భద్రతా విభాగం 1997లో పెట్టిన హద్దుల ప్రకారం, కంపనం 8 హెర్ట్‌జ్ లోపు ఉంటే మామూలు ఇళ్ల దగ్గర నేల అదురు వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. స్థాయి పెరిగేకొద్దీ ఆ హద్దు కూడా పెరుగుతుంది. నెమ్మది కంపనానికే ఎక్కువ కట్టుబాటు ఎందుకంటే, చిన్న ఇళ్లు సహజంగా ఊగే వేగం దానికి దగ్గరగా ఉంటుంది. ఊయలను సరిగ్గా సమయానికి తోసినట్టు, చిన్న అదురే పెద్ద ఊపవుతుంది.

2024 ఆగస్టు 5న పాల్వంచ ఓ వింత చూసింది. పాత థర్మల్ విద్యుత్ కేంద్రానికి చెందిన 8 కూలింగ్ టవర్లను పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అర్ధశతాబ్దంగా ఊరికి గుర్తులా నిలిచిన గోపురాలు క్షణాల్లో ధూళిమేఘాలయ్యాయి. ఇలాంటి దృశ్యాన్ని కిలోమీటరు దూరం నుంచి చూస్తే టవరు ముందు నిశ్శబ్దంగా వంగుతుంది, 3 సెకన్లకు చప్పుడు వస్తుంది.

పొలాల్లో, తునికాకు కోతల్లో ఉండేవాళ్లకు ఇదే లెక్క పిడుగు విషయంలో పనికొస్తుంది. మెరుపు కనపడగానే అంకెలు లెక్కపెట్టండి. వచ్చిన సెకన్లను 3తో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. 30 లోపే ఉరిమితే అది 10 కిలోమీటర్ల లోపున ఉన్నట్టు. తరువాతిది మన నెత్తిమీదే పడొచ్చు. చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి పరుగెత్తాలి.

రాయి లేనిదే పాట లేదు

పాల్వంచకు దగ్గర్లోనే కిన్నెరసాని జలాశయం. దాని చుట్టూ పరుచుకున్నది అభయారణ్యం. కోడలు ఏరై పారిందనీ, ఆమెను ఆపబోయిన భర్త రాయైపోయాడనీ విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’లో చెప్పిన కథ తెలుగువాళ్లకు తెలిసిందే. కవి ఊహకూ భౌతికశాస్త్రానికీ ఇక్కడ చక్కగా చుట్టరికం కలుస్తుంది.

ఏటి గలగల నీళ్లదని అనుకుంటాం. కానీ సాఫీగా పారే నీళ్లు దాదాపు మౌనంగానే ఉంటాయి. రాతిని ఢీకొని, విరిగి, దూకినప్పుడు నీళ్లలో గాలి చిక్కుకుని బుడగలవుతుంది. ఒక్కో బుడగ పుట్టగానే చిన్న గంటలా మోగుతుంది. లోపలి గాలి స్ప్రింగులా సాగి ముడుచుకోవడమే ఆ మోత. డచ్ ఖగోళ శాస్త్రవేత్త మార్సెల్ మినార్ట్ 1933లో ఈ గుట్టు విప్పాడు. 2 మిల్లీమీటర్ల వెడల్పున్న బుడగ సెకనుకు 3,300 సార్లు కంపిస్తుంది. 2 సెంటీమీటర్ల బుడగ అందులో పదోవంతే. అందుకే చిన్న రాళ్లమీది సన్నటి పాయ గలగలమంటుంది, పెద్ద బండలమీంచి దూకే నీరు గుభగుభలాడుతుంది. రాయి లేకపోతే బుడగ లేదు, బుడగ లేకపోతే పాటా లేదు. కిన్నెర పాడుతోందంటే పక్కన ఆ రాయి ఉన్నట్టే!

అడవికి బొంగురుగొంతే ఇష్టం

కిన్నెరసాని దాటి అడవి చిక్కబడేకొద్దీ ఓ గమ్మత్తు తెలుస్తుంది. పక్క చెట్టుమీది పిట్ట కిచకిచలు పది అడుగులు జరిగితే పలచనవుతాయి. ఎక్కడో పొదల్లో దాగిన జెముడుకాకి ‘ఊప్ ఊప్’ మాత్రం చాలాదూరం వినిపిస్తుంది. కారణం అలల పొడవు. సెకనుకు 3 వేలసార్లు కంపించే కీచు శబ్దం అల 11 సెంటీమీటర్లే. ఆకులూ కొమ్మలూ దాన్ని చెదరగొట్టేస్తాయి. 100సార్లు కంపించే బొంగురు శబ్దం అల పొడవు 3.4 మీటర్లు. చెట్టు మాను దానికో లెక్క కాదు, చుట్టి వెళ్లిపోతుంది.

కోయ గూడేల్లో పెద్ద డోలు ఎందుకు పుట్టిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. అడవిదున్న కొమ్ముల తలపాగాతో ఆడే కొమ్ము నృత్యంలో మగవాళ్ల మెడలో వేలాడేది ఆ డోలే. ఆడవాళ్లు చేయీ చేయీ పట్టుకుని రేల పాటలు పాడతారు. దూరపు గూడేనికి ముందు చేరేది పాట కాదు, డోలు దెబ్బ. ఆ దెబ్బ తీరును బట్టి పండగో, పెళ్లో, చావో అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన సి.వి.రామన్ 1920లో మన మృదంగం గుట్టు చెప్పారు. మామూలు తోలు దరువులో స్వరాలు ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం మధ్యలో నల్లటి కరణి వేసినవాళ్లు ఆ స్వరాలను సరాగంలోకి తెచ్చారని ఆయన నిరూపించారు. కచేరీకి అలాంటి తీపి శ్రుతి కావాలి. అడవిలో కబురు మోయడానికి గంభీరమైన దెబ్బ చాలు. ఎవరి అవసరానికి తగ్గ వాద్యం వాళ్లు చేసుకున్నారు.

కోయల చరిత్ర కాగితమ్మీద కన్నా గొంతులో ఎక్కువగా బతికింది. మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథతో సహా ఎన్నో కోయ వీరగాథలను డోలు వాయిస్తూ పాడేవారు. 2022లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. పుస్తకం తడిస్తే ఆరబెట్టుకోవచ్చు. గొంతు ఆగితే, నేర్చుకున్న మరో గొంతు ఉండాల్సిందే.

అడవిలో కబురు మనమూ పంపాలి. వేసవి తెల్లవారుజామున ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లేవాళ్లు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు. ఇప్పపువ్వంటే ఎలుగుబంటికీ ప్రాణమే. తల వంచుకుని తినే ఎలుగుకు హఠాత్తుగా మనిషి ఎదురైతే బెదిరి మీద పడుతుంది. ముందే అలికిడి వినిపిస్తే చాలాసార్లు తనే తప్పుకుంటుంది. ఇక్కడ మాట్లాడటం కాలక్షేపం కాదు, రక్షణ.

రొద పెరిగితే జంతువులూ ఇబ్బంది పడతాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ పట్టణంలో వాహనాల హోరు ఎక్కువున్న చోట పిట్టలు స్థాయి పెంచి పాడుతున్నాయని 2003లో శాస్త్రవేత్తలు గుర్తించారు. హోరు కింది స్థాయిలో ఉంటుంది కాబట్టి దాన్ని తప్పించుకోవడానికి పైకెక్కాయన్నమాట. సందులేకుండా తిరిగే జనరేటర్ దగ్గర జెముడుకాకి ఏం చేస్తుంది? దాని గొంతు ఉన్నదే కింద!

నిండు గోదారి మాట్లాడదు

భద్రాచలం చేరాక ఓ రాత్రి కరకట్ట మీద కూర్చుంటే ఇంకో వింత. సుమారు కిలోమీటరు వెడల్పున్న నదికి అవతల, సారపాక వైపున, లారీ గేరు మార్చిన చప్పుడు కూడా దగ్గరగా వినిపిస్తుంది. పగలు అదే చప్పుడు తెలియనైనా తెలియదు. మనుషుల సందడి తగ్గడం ఒక్కటే కారణం కాదు. ఎండవేళ నేల దగ్గరి గాలి వేడెక్కి, శబ్దాన్ని పైకి వంచేస్తుంది. రాత్రి నీటిమీది గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు పైకి పోయే శబ్దం మళ్లీ కిందికి వంగి ఆవలి ఒడ్డున దిగుతుంది. ఏటి ఒడ్డున రాత్రిపూట రహస్యాలు మాట్లాడకూడదని దీన్నిబట్టి తెలుసుకోవాలి!

కానీ గోదావరి ఇక్కడ ఓ విషయంలో మోసం చేస్తుంది. కిన్నెరసాని రాళ్ల కబురు గుర్తుంది కదా. వరద పెరిగేకొద్దీ రాళ్లన్నీ మునిగిపోతాయి. రాళ్లు లేకపోతే బుడగలు లేవు, గలగలలు లేవు. నిండుకుండ తొణకదన్నట్టు, నిండు గోదారి గట్టుదగ్గర పెద్దగా మాట్లాడదు. నిశ్శబ్దంగా మెట్టు మెట్టూ ఎక్కుతుంది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు ఎక్కింది ఇలాగే.

నది చెప్పని మాటను మనిషే చెప్పాల్సొచ్చింది. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మైకులో ఆ అంకెలు వినగానే లోతట్టు కాలనీల్లో మూటలు సర్దుకోవడం మొదలవుతుంది. కరెంటు పోయి, చీకటి కమ్మి, ఫోను ఛార్జింగు అయిపోయిన రాత్రి మిగిలేది ఆ గొంతొక్కటే.

అందరూ అరిస్తే వినేదెవరు?

భద్రాచలానికి గొంతుతో అనుబంధం పాతది. రామదాసుగా పేరుపొందిన కంచర్ల గోపన్న పాటలు ఊరూరా వినిపించడం సరే, శ్రీరామనవమినాడు రేడియోకు చెవులప్పగించి కల్యాణం ‘చూసిన’ తరం ఒకటుంది. ఆకాశవాణిలో ఉషశ్రీ వ్యాఖ్యానం వింటుంటే తలంబ్రాలు కళ్లముందే రాలినట్టుండేది. ఒక్క గొంతు, అదీ ఓ చిన్న పెట్టెలోంచి!

రామదాసును బంధించిన గోల్కొండ కోటకూ శబ్దంలో ఓ ప్రత్యేకత ఉంది. కిందనున్న ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీది బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. వంపు తిరిగిన గుమ్మటం చెదిరిపోయే శబ్దాన్ని కూడగట్టి పైకి పంపుతుంది. శత్రువు వచ్చాడని చెప్పడానికి ఫిరంగులు పేల్చక్కర్లేదు, చప్పట్లు చాలు. కానీ అది పనిచేయాలంటే మిగతావాళ్లు ఊరుకోవాలి.

ఇప్పుడు మనం ఊరుకోవడం మరచిపోయాం. పెళ్లికి డీజే, ఊరేగింపుకి డీజే, పుట్టినరోజుకీ డీజే. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు మోగించకూడదు. సుప్రీంకోర్టు కూడా 2005లో దీన్ని గట్టిగా చెప్పింది. మైకు పెట్టేవాళ్లు తెలుసుకోవాల్సిన లెక్క ఒకటుంది. బాక్సుల సంఖ్య రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. ఆరుబయట దూరం రెట్టింపైతే తగ్గేది 6 డెసిబెల్స్. అంటే చివరి వరుసకు వినపడాలని ముందే బాక్సులు పేర్చడం దండగ. చిన్న బాక్సులు దూరదూరంగా పెడితే ముందువాళ్ల చెవులు బతుకుతాయి, వెనకవాళ్లకు మాట తెలుస్తుంది.

ఇది ఒట్టి చిరాకు సంగతి కాదు. పెద్ద చప్పుడు చిన్న కబురును మింగేస్తుంది. డ్రిల్లు రొదలో కర్రమొద్దు చిటపట, ఇయర్‌ఫోన్లలో రైలు కూత, జనరేటర్ హోరులో జెముడుకాకి... అన్నీ అలా మింగుడుపడినవే. రోజూ ఏదో ఒకటి అరిచే మైకును జనం వినడం మానేస్తారు. 53 అడుగులని చెప్పే రాత్రి కూడా అదే మైకు అరవాలి మరి!

పాపికొండల జవాబు

భద్రాచలం నుంచి దిగువకు వెళ్తే కూనవరం. శబరి వచ్చి గోదావరిలో కలిసేది అక్కడే. ఇంకా కిందికి వెళ్తే పోచవరం రేవు. 2014లో ఈ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చప్పుడుకు మాత్రం సరిహద్దు లేదు. అక్కడినుంచి పేరంటపల్లి వైపు వెళ్లే పడవల్లో నుంచి కొండల మధ్య ఇరుకైన గోదావరిని చూడొచ్చు.

పడవ ఒడ్డుకు ఆగి, ఇంజను నోరు మూసుకున్నప్పుడు ఎదుటి కొండవైపు తిరిగి ఓ కేక వేయండి. కొండ 340 మీటర్ల దూరంలో ఉంటే సరిగ్గా 2 సెకన్లకు జవాబొస్తుంది. ఒకటికి పోవడానికి, ఒకటికి రావడానికి. ప్రతిధ్వని విడిగా తెలియాలంటే కొండ కనీసం 17 మీటర్ల దూరమన్నా ఉండాలి. అంతకన్నా దగ్గరైతే మన కేకలోనే అది కలిసిపోతుంది. పిల్లలకు ఇంతకు మించిన ప్రయోగశాల దొరకదు. వాచీ ఒకటుంటే నది వెడల్పు వాళ్లే కొలిచేస్తారు. ఒక్కటే షరతు. కేక వేసినవాళ్లు వెంటనే ఊరుకోవాలి. ఊరుకోనివాళ్లకు కొండ జవాబు చెబుతుందిగానీ, అది వినపడదు.

ఎప్పుడు వెళ్లాలి?

హైదరాబాద్, విజయవాడల నుంచి ఖమ్మం దాకా రైళ్లున్నాయి. అక్కడినుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలానికి బస్సులు దొరుకుతాయి. కిన్నెరసాని పాట వినాలంటే వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు నెలలు మేలు. పాపికొండల పడవలకు గోదావరి నీటిమట్టాన్ని బట్టే అనుమతి ఇస్తారు, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకూడదు. అభయారణ్యంలో పాటలు పెట్టకండి, హారన్ కొట్టకండి. కెమెరా ఎలాగూ తీసుకెళ్తారు. దాన్ని కాసేపు సంచిలో పెట్టి ఓ పదినిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. కళ్లకు రెప్పలున్నాయి, చెవులకు లేవు. మనం నిద్రపోయినా కాపలా కాసేది అవే కాబట్టి.